కారు ఏసీలో గ్యాస్ తగ్గిందా.. ఎక్కడో లీకు ఉన్నట్టే!

ఏటా నింపించుకుంటే తీరదు.. గుర్తులు తెలిస్తే కంప్రెసర్ దక్కుతుంది

నరసరావుపేట: రెంటచింతల పేరు వింటే రాష్ట్రమంతటికీ ఎండలే గుర్తుకొస్తాయి. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల, దాచేపల్లి ప్రాంతాల్లో మార్చి నెలాఖరుకే మధ్యాహ్నం వేళ రోడ్లు బోసిపోతాయి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏసీ లేని కారులో హైదరాబాద్ ప్రయాణమంటే వృద్ధులు, బాలింతలు భయపడతారు. గుంటూరు ఆసుపత్రులకు రోగులను తీసుకెళ్లే కిరాయి కార్లకైతే ఏసీ లేకుంటే బేరమే ఉండదు. అందుకే వేసవి ఆరంభం కాగానే పల్నాడులోని కారు ఏసీ దుకాణాల ముందు వాహనాలు బారులు తీరుతాయి. వచ్చినవారు అడిగేది తరచూ ఒకటే మాట.. 'గ్యాస్ పట్టండి'. గ్యాస్ పడతారు, డబ్బు చెల్లిస్తారు, చల్లగాలి వస్తుంది. మరుసటి వేసవికి మళ్లీ అదే దుకాణం, అదే మాట.

ఈ అలవాటులోనే పొరపాటు ఉంది. పెట్రోలు, డీజిలు మాదిరిగా ఏసీ గ్యాస్ వాడేకొద్దీ ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ మళ్లీ మళ్లీ తిరుగుతుంది. కారు 50 వేల కిలోమీటర్లు తిరిగినా, లక్ష తిరిగినా బయటకు పోయే దారి లేకపోతే లోపలున్నది తగ్గదు. తగ్గిందంటే ఎక్కడో దారి ఏర్పడిందని అర్థం. ఆ దారిని మూయకుండా గ్యాస్ మాత్రమే నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడం వంటిదే. కుండలో పోయేది నీళ్లే కనుక నష్టం లేదు. ఇక్కడ గ్యాస్‌తో పాటు కంప్రెసర్‌కూ ముప్పు వస్తుంది. గ్యాస్ నింపడానికి రెండు వేల రూపాయలు అటూఇటూ అయితే, కంప్రెసర్ మార్చాల్సి వస్తే బిల్లు పదుల వేలల్లోకి వెళుతుంది. కారు కిరాయిల మీదే ఇల్లు గడిచే డ్రైవర్లకు అది నెలల తరబడి కట్టే ఈఎంఐతో సమానం.

అయితే చిన్న మినహాయింపు ఉంది. రబ్బరు గొట్టాలు, సీళ్ల గుండా ఎంత మంచి ఏసీలోనైనా ఏడాదికి కొద్ది గ్రాముల గ్యాస్ ఊరిపోతుంది. పాత రకం గ్యాస్ వాడే ఏసీల్లో ఈ ఊట ఏడాదికి 40 గ్రాములు మించరాదని, వెనుక సీట్లకు విడిగా కాయిల్ ఉన్న వాహనాల్లో 60 గ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య 2006లో నిబంధన పెట్టింది. చిన్న కార్లలో మొత్తం గ్యాస్ సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల వరకు ఉంటుంది. ఈ లెక్కన కొత్త కారు నాలుగైదేళ్లు గడిచాక ఒకసారి గ్యాస్ అడిగితే ఆశ్చర్యపోనక్కరలేదు. ఏటా అడిగితే మాత్రం అది ఊట కాదు, లీకే.

గ్యాస్ చేసే పని ఇదీ

గుర్తులు అర్థం కావాలంటే గ్యాస్ తిరిగే దారి కొంత తెలియాలి. ప్రస్తుతం రోడ్ల మీద తిరుగుతున్న కార్లలో విరివిగా కనిపించేది ఆర్-134ఏ అనే గ్యాస్. మామూలు వాతావరణ పీడనంలో ఇది సున్నాకు దిగువన 26 డిగ్రీల వద్దే మరిగిపోతుంది. ద్రవం ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుంది. మట్టికుండ మీద తడి ఆరినప్పుడు లోపలి నీరు చల్లబడేదీ ఈ సూత్రం మీదనే.

ఇంజిన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ గ్యాస్‌ను గట్టిగా నొక్కి వేడెక్కించి ముందుకు తోస్తుంది. రేడియేటర్ ముందు అమర్చిన కండెన్సర్‌లో అది గాలికి చల్లబడి ద్రవంగా మారుతుంది. అక్కడి నుంచి సన్నని గొట్టం ద్వారా డ్యాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్ వద్దకు చేరుతుంది. కాయిల్ ముందున్న వాల్వులోని సన్నటి రంధ్రం దాటగానే పీడనం ఒక్కసారిగా పడిపోయి ద్రవం ఆవిరవుతుంది. కాయిల్ చల్లబడుతుంది. దాని మీదుగా బ్లోయర్ తోసిన గాలే క్యాబిన్‌లోకి వస్తుంది. ఆవిరైన గ్యాస్ లావుపాటి గొట్టం గుండా తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది.

ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కంప్రెసర్ లోపలి భాగాలు అరిగిపోకుండా కాపాడే ఆయిల్ కూడా ఈ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. ఇంజిన్‌కు ఉన్నట్టుగా కంప్రెసర్‌కు వేరే ఆయిల్ సంపు సాధారణంగా ఉండదు. గ్యాస్ తగ్గితే ఆయిల్‌ను మోసుకొచ్చే శక్తి తగ్గుతుంది. కాయిల్‌లో, గొట్టాల్లో ఆయిల్ నిలిచిపోయి కంప్రెసర్ ఎండిపోతుంది. చల్లని గ్యాస్ తిరిగి రావడం వల్ల కంప్రెసర్‌కు దొరికే చలువ కూడా కరవవుతుంది. గ్యాస్ తక్కువతో ఏసీ నడపడం ఆయిల్ లేని ఇంజిన్‌ను నడపడంతో దాదాపు సమానమని అందుకే అంటారు.

గ్యాస్ తగ్గితే కంప్రెసర్ దానంతటదే ఆగిపోయే ఏర్పాటు ఉందికదా అని కొందరు ధీమాగా ఉంటారు. ఏర్పాటు ఉన్న మాట నిజమే. గొట్టంలో పీడనం బాగా పడిపోతే స్విచ్ లేదా సెన్సర్ కంప్రెసర్‌ను ఆపుతుంది. కానీ అది పనిచేసేది గ్యాస్ దాదాపు అడుగంటినప్పుడు. పావు వంతో, మూడో వంతో తగ్గిన దశలో కంప్రెసర్ తిరుగుతూనే ఉంటుంది. నష్టం జరిగేది ఈ మధ్యకాలంలోనే. కనుక గుర్తులను ముందుగా పసిగట్టాల్సింది వాహన యజమానే.

ముందుగా కనిపించే గుర్తులు

గ్యాస్ తగ్గడం సాధారణంగా ఒక్క రోజులో తెలియదు. గత వేసవిలో రెండో నంబరు మీద బ్లోయర్ పెడితే చలి వేసిన కారులో ఈసారి నాలుగో నంబరు పెట్టాల్సి వస్తుంది. ఎండలో నిలిపిన కారు చల్లబడటానికి మునుపు పది నిమిషాలు పడితే ఇప్పుడు అరగంటైనా చల్లబడదు. ఉదయం, రాత్రి వేళల్లో బాగానే ఉన్నట్టు అనిపించి మధ్యాహ్నం మాత్రం చాలడం లేదనిపిస్తుంది. 'ఈ ఏడు ఎండలు ఎక్కువ' అని సరిపెట్టుకోవడం వల్లే చాలా లీకులు మొదట్లో దొరకవు.

అనుమానం తీర్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. కారును నీడలో నిలిపి, అద్దాలు దించి లోపలి వేడిగాలిని బయటకు పోనివ్వాలి. అద్దాలు ఎత్తి, ఏసీని పూర్తి చల్లదనం మీద, లోపలి గాలే తిరిగే మీట మీద పెట్టి, బ్లోయర్‌ను మధ్యస్థంగా ఉంచాలి. పది నిమిషాల తర్వాత మధ్యలో గాలి వచ్చే జాలీ వద్ద థర్మామీటర్ పెట్టి చూడాలి. బయట 40 డిగ్రీలు ఉన్న రోజున కూడా ఆరోగ్యంగా ఉన్న ఏసీ నుంచి 15 డిగ్రీలకు లోపే గాలి రావాలి. చల్లటి వాతావరణంలో ఇంకా తక్కువ చూపాలి. 20 దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే. గది వేడి కొలిచే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఇందుకు సరిపోతుంది. జ్వరం చూసేది పనికిరాదు. ఒకే కారులో ఏటా వేసవి ముందు ఈ అంకె రాసిపెట్టుకుంటే తగ్గుదల కాగితం మీదే కనిపిస్తుంది.

బానెట్ ఎత్తితే మరికొన్ని ఆనవాళ్లు దొరుకుతాయి. ఏసీ పది నిమిషాలు నడిచాక ఇంజిన్ ఆపి, కాయిల్ నుంచి కంప్రెసర్‌కు తిరిగి వచ్చే లావు గొట్టాన్ని తాకి చూడాలి. గ్యాస్ సరిపడా ఉంటే అది కూల్‌డ్రింక్ సీసాలా చల్లగా ఉంటుంది. గాలిలో తేమ ఉన్న రోజున దానిపై నీటి బిందువులూ పడతాయి. నులివెచ్చగా ఉంటే గ్యాస్‌ను అనుమానించాలి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కు వెళ్లే గొట్టం మాత్రం కాలిపోయేంత వేడిగా ఉంటుంది, దాన్ని తాకరాదు. ఇంజిన్ నడుస్తుండగా బెల్టు దగ్గర చేతులు పెట్టడం, మెడలో తువ్వాలు, చున్నీ వేసుకుని వంగి చూడటం ప్రమాదకరం. ఇంజిన్ ఆపిన తర్వాత కూడా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరిగే అవకాశం ఉంది.

దూరంగా నిలబడి కంప్రెసర్ చప్పుడు వినడం మరో పద్ధతి. క్లచ్ ఉన్న కంప్రెసర్ పని మొదలుపెట్టినప్పుడు 'టక్' మంటుంది. మండువేసవి మధ్యాహ్నం, వేడెక్కిన కారులో అది ఒకసారి పట్టుకుంటే చాలాసేపు వదలకూడదు. రెండు మూడు సెకన్లకోసారి టక్కుమని పట్టుకుని వెంటనే వదిలేస్తుంటే గ్యాస్ తగ్గి పీడనం నిలవడం లేదనడానికి అది బలమైన గుర్తు. గ్యాస్ ఎక్కువైనా, ఫ్యాన్ తిరగకపోయినా కూడా ఇలా జరగవచ్చు కనుక ఫ్యాన్‌నూ చూసిన తర్వాతే నిర్ణయానికి రావాలి. కొన్ని కొత్త కార్లలో చల్లదనాన్ని బట్టి సామర్థ్యం మార్చుకునే కంప్రెసర్లు ఉన్నాయి. వాటిలో ఈ చప్పుడు ఉండదు. ఈ పరీక్ష వాటికి వర్తించదు.

క్యాబిన్‌లో కూర్చున్నవారికి డ్యాష్‌బోర్డు వెనుక నుంచి 'స్‌స్‌' మని సన్నగా బుసకొట్టిన శబ్దం వినిపించడం కూడా గ్యాస్ తగ్గిన లక్షణాల్లో ఒకటి. ద్రవంగా రావాల్సింది బుడగలతో కలిసి వాల్వు దాటుతున్నప్పుడు ఈ శబ్దం వస్తుంది. ఏసీ ఆపిన వెంటనే కొద్దిసేపు వినిపించే శబ్దం మాత్రం సహజమే. కొన్ని వాహనాల్లో డ్రైవర్ వైపు చల్లగా, పక్క సీటు వైపు వెచ్చగా గాలి వస్తుంది. కాయిల్ అంతటికీ సరిపడా గ్యాస్ లేక ఒక అంచు మాత్రమే చల్లబడటం దీనికి కారణం కావచ్చు. వెనుక సీట్లకు వేరే కాయిల్ ఉన్న పెద్ద బండ్లలో వెనుక వరుసవారే ముందుగా ఫిర్యాదు చేస్తారు. ముందు కూర్చున్న యజమానికి అది పట్టదు.

వానాకాలంలో మరో రకంగా తెలుస్తుంది. అద్దం మీద పట్టిన పొగమంచును ఏసీ నిమిషాల్లో తుడిచేయాలి. గాలిలోని తేమను లాగేసేది చల్లబడిన కాయిలే. ఏసీ వేసినా అద్దం తేటపడకపోతే గ్యాస్ చూపించుకోవాలి. రాత్రి వేళ జోరువానలో అద్దంకి-నార్కెట్‌పల్లి రహదారి మీద లారీల మధ్య ప్రయాణిస్తున్నప్పుడు ఇది ప్రాణాలతో ముడిపడిన విషయం.

వీటన్నిటికన్నా నమ్మదగినది జిడ్డు మరక. గ్యాస్ కంటికి కనిపించదు, వాసన దాదాపు ఉండదు. కానీ అది వెళ్లిపోయే చోట తనతో తెచ్చిన ఆయిల్‌ను వదిలిపోతుంది. దానిపై దుమ్ము అంటుకుని నల్లటి మరకగా మారుతుంది. గొట్టాల అతుకుల వద్ద, కంప్రెసర్ ముందు భాగంలో, కండెన్సర్ మీద ఇటువంటి జిడ్డు కనిపిస్తే లీకు చిరునామా దొరికినట్టే.

గ్యాస్ మీద పడే నిందలు

చల్లగా లేదంటే గ్యాస్ తగ్గిందనే అనుకోనక్కరలేదు. పల్నాడులో ఈ మాట మరీ వర్తిస్తుంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చుట్టుపక్కల, దాచేపల్లి, మాచర్ల సిమెంటు కర్మాగారాల దారుల్లో నిత్యం తిరిగే వాహనాల కండెన్సర్‌పై తెల్లటి దుమ్ము పేరుకుపోతుంది. పత్తి సీజన్‌లో జిన్నింగు మిల్లుల వద్ద దూది నూగు, పొలాల మధ్య సాయంత్రం ప్రయాణాల్లో పురుగులు ఆ సన్నని రేకుల మధ్య ఇరుక్కుంటాయి. గాలి ఆడక గ్యాస్ చల్లబడదు. చల్లదనం తగ్గుతుంది. లోపల గ్యాస్ నిండుగానే ఉంటుంది. దానిపై మరికొంత నింపితే పీడనం పెరిగి ఏసీ మరింత అధ్వానమవుతుంది. ఇటువంటి వాహనానికి కావాల్సింది ఒక బకెట్ నీళ్లు, సన్నటి ధార. ఇంజిన్ చల్లబడ్డాక ముందు జాలీ గుండా నెమ్మదిగా కడిగితే చాలు. సర్వీసింగ్ కేంద్రాల్లో వాడే గట్టి ధారను దగ్గరగా పెడితే రేకులు వంగిపోయి మొదటికే మోసం వస్తుంది.

ఫ్యాన్ లోపాన్ని గుర్తించడం తేలిక. కారు వేగంగా వెళ్తున్నప్పుడు చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర, రైల్వే గేటు దగ్గర ఆగగానే వేడిగాలి వస్తుంటే మొదట ఫ్యాన్‌ను చూడాలి. పరుగులో ఉన్నప్పుడు ఎదురుగాలే కండెన్సర్‌ను చల్లబరుస్తుంది, ఆగితే ఆ పని ఫ్యాన్ చేయాలి. గ్యాస్ తగ్గిన కారు కూడా ఆగినప్పుడు కొంత మందగిస్తుంది కానీ రోడ్డు మీదా పూర్తిగా చల్లబడదు.

గాలి చల్లగానే ఉండి జోరు తగ్గితే అది గ్యాస్ సమస్య కానే కాదు. గ్లవ్ బాక్సు వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయి ఉంటుంది. కొన్ని వందల రూపాయలతో పోయే పని ఇది. మన దుమ్ము రోడ్లకు తయారీదారు చెప్పిన గడువు వరకు ఆగకుండా ముందే మార్చుకోవడం మేలు. గాలి జోరుగా వచ్చి బొత్తిగా చల్లగా లేకపోతే, కంప్రెసర్ అసలు తిరగకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్ వైరింగు చూడాలి. హీటర్ తలుపు సరిగా మూసుకోక ఇంజిన్ వేడి చల్లగాలిలో కలిసిపోవడమూ ఉంటుంది.

కారు కింద నీరు కారడం చూసి గ్యాస్ లీకవుతోందని ఆందోళన చెందేవారూ ఉన్నారు. అది కాయిల్ మీద చేరిన తేమ. కారడమే మంచిది. గ్యాస్ ఎప్పుడూ నీరుగా కింద పడదు.

గేజీ చెప్పనిది తూకం చెబుతుంది

దుకాణంలో జరిగే అసలు పొరపాటు ఇక్కడుంది. గేజీ తగిలించి ముల్లు చూసి 'గ్యాస్ తక్కువుంది' అని చెప్పడం పరిపాటి. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ ముల్లు గ్యాస్ ఎంత ఉందో చెప్పలేదు. వంటగ్యాస్ సిలిండర్ ఉదాహరణతో ఇది తేలిగ్గా బోధపడుతుంది. సిలిండర్ నిండుగా ఉన్నా, అడుగున కొంచెమే మిగిలినా పొయ్యి మంట ఒకేలా ఉంటుంది. ద్రవం పూర్తిగా అయిపోయే ముందు మాత్రమే మంట తగ్గుతుంది. ఎంత ఉందో తెలియాలంటే సిలిండర్‌ను తూయాల్సిందే. ఏసీ గ్యాస్‌దీ అదే నైజం. లోపల ద్రవం కొంతైనా ఉన్నంతవరకు పీడనం వేడిని బట్టే ఉంటుంది. ఆర్-134ఏకు 30 డిగ్రీల వద్ద సుమారు 97 పీఎస్‌ఐ, 40 డిగ్రీల వద్ద సుమారు 133 పీఎస్‌ఐ చూపుతుంది. 450 గ్రాములున్నా అదే, 250 గ్రాములున్నా అదే.

ఏసీ నడుస్తున్నప్పుడు రెండు వైపుల ముళ్లనూ కలిపి చదివితే కొంత తెలుస్తుంది. వేసవి వేడిలో సవ్యంగా పనిచేసే ఏసీలో తక్కువ పీడనం వైపు సుమారు 30 నుంచి 50, ఎక్కువ పీడనం వైపు సుమారు 200 నుంచి 275 పీఎస్‌ఐ వరకు ఉంటుంది. మోడల్‌ను, ఎండను బట్టి ఇవి మారతాయి. రెండు ముళ్లూ తక్కువ చూపితే గ్యాస్ తగ్గినట్టు. ఎక్కువ వైపు ముల్లు హద్దు మీరి పైకి వెళితే కండెన్సర్ దుమ్ము, ఫ్యాన్ లోపం లేదా అధిక గ్యాస్. తక్కువ వైపు బాగా ఎక్కువ, ఎక్కువ వైపు బాగా తక్కువ చూపుతూ రెండూ దగ్గరకు వస్తే కంప్రెసరే అరిగిపోయి ఉంటుంది. ఒక్క ముల్లు మాత్రమే చూసి చెప్పే మాటను నమ్మడం కష్టం.

ఖచ్చితమైన పద్ధతి ఒక్కటే. ఉన్న గ్యాస్‌నంతా యంత్రంలోకి లాగి తూయాలి. బానెట్ కింద అతికించిన స్టిక్కరు మీద ఆ కారుకు ఎన్ని గ్రాములు పట్టాలో రాసి ఉంటుంది. 450 పట్టాల్సిన చోట 280 వచ్చిందంటే లెక్క తేలిపోయినట్టే. ఆ స్టిక్కరును ఫోనులో ఫొటో తీసి ఉంచుకోవడం మంచిది. పాత కార్లలో అది ఊడిపోయి ఉంటే యజమాని పుస్తకంలో లేదా కంపెనీ సర్వీసు కేంద్రంలో తెలుసుకోవచ్చు.

లీకు దొరికే చోట్లు

అందరికన్నా ముందు దెబ్బ తినేది కండెన్సర్. కారు ముక్కు భాగంలో ఉండటంతో కంకర లారీల వెనుక వెళ్లేటప్పుడు ఎగిరే రాళ్లు నేరుగా దానికే తగులుతాయి. ఆ తర్వాత గొట్టాల అతుకుల్లోని రబ్బరు రింగులు. ఎండకు, ఇంజిన్ వేడికి అవి గట్టిపడి బిగువు కోల్పోతాయి. పది, ఇరవై రూపాయల రింగు పోవడం వల్ల ఏటా వేల రూపాయల గ్యాస్ గాలిలో కలుస్తున్న వాహనాలు ఉన్నాయి. గ్యాస్ నింపే వాల్వుల లోపలి పిన్ను వదులై కారిపోవడమూ ఉంటుంది. వాటి మూతలు పోగొట్టుకోకూడదు. కంప్రెసర్ ఇరుసు వద్ద సీలు నెలల తరబడి ఏసీ వేయకపోతే ఎండి లీకవుతుంది. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపమని చెప్పేది ఇందుకే. గోదాముల పక్కన, గడ్డివాముల దగ్గర కారు నిలిపేవారికి ఎలుకల బెడద తెలిసిందే. వైర్లతో పాటు రబ్బరు గొట్టాలనూ అవి వదలవు.

అన్నింటిలో కష్టమైనది కూలింగ్ కాయిల్ లీకు. చాలా మోడళ్లలో దాన్ని చూడాలంటే డ్యాష్‌బోర్డు విప్పాల్సిందే. అందువల్లే కొన్ని చోట్ల కాయిల్ జోలికి పోకుండా గ్యాస్ నింపి పంపేస్తారు. నీరు కారే గొట్టం చివర జిడ్డుగా ఉంటే, లేదా అక్కడ ఎలక్ట్రానిక్ లీకు పరికరం కూత పెడితే కాయిల్‌ను అనుమానించాలి.

లీకు పట్టుకునేందుకు సబ్బు నురగ ఇప్పటికీ ఉపయోగమే. పంక్చరు దుకాణంలో ట్యూబును నీళ్లలో ముంచినట్టుగా అతుకుల మీద నురగ రాసి బుడగల కోసం చూస్తారు. ఖాళీ గొట్టాల్లో నైట్రోజన్‌ను పీడనంతో నింపి గేజీ ముల్లు దిగుతుందేమో గమనించడం మరింత నమ్మకమైనది. మెల్లటి లీకులకు రంగు కలిపి, కొన్ని రోజులు నడిపాక అతినీలలోహిత దీపం వెలుగులో చూస్తారు. గొట్టాల్లోకి మామూలు కంప్రెసర్ గాలిని కొట్టడం తప్పు. దానిలోని తేమ లోపల చేరుతుంది.

బిల్లు కట్టే ముందు అడగాల్సినవి

లీకు సరిచేశాక వ్యాక్యూమ్ పంపుతో కనీసం అరగంట గొట్టాల్లోని గాలిని, తేమను లాగాలి. తేమ మిగిలితే వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టి అడ్డుపడుతుంది. ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. పంపు ఆపిన తర్వాత ముల్లు కదలకుండా నిలవాలి. పది నిమిషాల్లో పైకి లేస్తే లీకు ఇంకా ఉన్నట్టు. వ్యాక్యూమ్ వేయకుండా ఉన్నదాని మీదే గ్యాస్ ఎక్కించే 'టాప్‌అప్' చౌకగా కనిపిస్తుంది. లోపల ఎంత ఉందో తెలియకుండా ఎంత పోయాలో ఎలా తెలుస్తుందన్న ప్రశ్నకు మాత్రం దాని వద్ద సమాధానం లేదు. గ్యాస్ ఎక్కువైతే చల్లదనం పెరుగుతుందన్నదీ అపోహే. ద్రవం ఆవిరయ్యే చోటు మిగలక చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఎన్ని గ్రాములు ఎక్కించారు, ఆయిల్ ఎంత కలిపారు, ఏ రింగు మార్చారు అన్నవి బిల్లు మీద రాయించుకోవాలి. గొట్టాలు విప్పి చాలాసేపు తెరిచి ఉంచితే తేమ పీల్చే డ్రయర్‌ను కూడా మార్చడం అవసరం. లీకును లోపలి నుంచి పూడ్చే మందంటూ డబ్బాల్లో అమ్మేవి వాల్వును, ఖరీదైన గ్యాస్ యంత్రాలను పూడ్చేయగలవు. పరిచయం లేని చోట మరీ చౌకగా దొరికే గ్యాస్ డబ్బాలతో ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. 2011లో ఓడల మీద సరకు మోసే శీతల కంటెయినర్లు వియత్నాం, బ్రెజిల్‌లలో పేలి ముగ్గురు కార్మికులు మృతి చెందారు. ఆర్-134ఏ పేరుతో వచ్చిన కల్తీ గ్యాస్ అందుకు కారణమని తేలింది. గ్యాస్ వాల్వును ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో నొక్కి చూడటం సైతం చేయరాదు. చిమ్మిన ద్రవం చర్మాన్ని, కంటిని క్షణంలో గడ్డకట్టిస్తుంది.

మారుతున్న గ్యాస్‌లు

1990ల మధ్య వరకు కార్లలో ఆర్-12 గ్యాస్ వాడేవారు. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుందని తేలడంతో 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దేశాలు దాన్ని వదిలించుకున్నాయి. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌కు హాని చేయదు. భూమిని వేడెక్కించడంలో మాత్రం కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా శక్తి కలది. ఒక చిన్న కారులోని 450 గ్రాములు గాలిలో కలిస్తే సుమారు 250 లీటర్ల పెట్రోలు కాల్చినంత ప్రభావం ఉంటుంది. ఏటా లీకయ్యే కారు ఏటా ఆ పని చేస్తున్నట్టే. ఇటువంటి గ్యాస్‌ల వాడకాన్ని తగ్గించే 2016 నాటి కిగాలి సవరణను భారత్ 2021లో ఆమోదించింది. 2032 నుంచి దశలవారీగా తగ్గించాల్సి ఉంది.

ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లకు ఆర్-134ఏ నిషిద్ధం. అక్కడ ఆర్-1234వైఎఫ్ వాడుతున్నారు. ఇది ఎక్కువ ఖరీదైనది, కొద్దిగా మండే గుణం కలది. దీని వాల్వుల కొలతలే వేరు. ఒకదాని బదులు మరొకటి నింపకూడదు. కారులో ఏ గ్యాస్ ఉందో బానెట్ కింది స్టిక్కరు చూసి తేల్చుకున్న తర్వాతే గొట్టం తగిలించనివ్వాలి.

విద్యుత్ కార్ల సంగతి మరీ వేరు. వాటిలో చాలా వరకు బ్యాటరీని చల్లబరిచేదీ ఈ గ్యాసే. గ్యాస్ తగ్గితే లోపలివారికి ఉక్కపోయడంతో ఆగదు, వేగంగా చార్జింగు ఎక్కేటప్పుడు బ్యాటరీ వేడెక్కకుండా వాహనమే చార్జింగు వేగాన్ని తగ్గించుకుంటుంది. ఎండాకాలంలో చార్జింగు అకారణంగా మందగిస్తే అదీ ఒక గుర్తే. ఈ కార్ల కంప్రెసర్ అధిక వోల్టేజీ విద్యుత్తుతో నడుస్తుంది కనుక విద్యుత్తును ప్రసరింపనివ్వని ప్రత్యేక ఆయిల్ మాత్రమే వాడాలి. పెట్రోలు కార్లకు వాడే ఆయిల్ కొద్దిగా కలిసినా విద్యుత్తు లీకయ్యే ముప్పు ఉంది. పెట్రోలు కారుకు గ్యాస్ పట్టిన గొట్టాన్నే శుభ్రం చేయకుండా విద్యుత్ కారుకు తగిలించే దుకాణంలో వాహనాన్ని అప్పగించకపోవడం మేలు.